అమావాస్యకు ఆగని మిల్లు

మిర్యాలగూడలో శశిధర్ రైస్ మిల్లు ప్రతి అమావాస్యకూ ఆగేది. ఆ రోజు హమాలీలు బస్తా ముట్టరు. వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ చల్లబడుతుంది, కంప్యూటర్ కూడా ఆపేస్తారు. సంపత్ తప్పు ఆరు నెలలు బయటపడలేదంటే కారణం అదే.

డ్రయ్యర్ వేడిని తెర మీద చూపే ప్రోగ్రాం రాసింది సూర్యాపేట సంపత్. సెన్సర్‌తో వచ్చిన లైబ్రరీ, అంటే దాని కంపెనీ రాసిచ్చిన కోడు, ప్రతి రీడింగుకూ కొంత మెమరీ తీసుకుంటుంది. పని కాగానే దాన్ని వదిలెయ్యమని ఆ లైబ్రరీకే చెప్పాలి. ఒక్క లైను పని. ఒకచోట మరిచాడు. ముప్పై అయిదు రోజుల్లో మెమరీ నిండిపోతుందని పరీక్షించినప్పుడే తెలిసింది కూడా. ఈలోపు అమావాస్య ఎలాగూ వస్తుంది, కంప్యూటర్ ఆపితే అంతా ఖాళీ అవుతుంది కదా అని ఊరుకున్నాడు. బద్ధకానికి ఎంత ధైర్యమో!

ఈసారి గేటు బయట వడ్ల లారీలు బారులు తీరాయి. శశిధర్ అమావాస్యకు మిల్లు ఆపలేదు. ఆ తర్వాత ఆరో రోజు మధ్యాహ్నం మెమరీ నిండి, తెర మీద అంకె అరవై రెండు దగ్గర ఆగిపోయింది. లోపల వేడి పెరిగి వడ్లు అంటుకున్నాయి. పొగ చూసి నిచ్చెనెక్కిన కూలీ బాల్యా ప్రాణాలతో దిగలేదు.

కబురు వినగానే సంపత్ అదే ప్రోగ్రాం పెట్టిన కోదాడ మిల్లుకు ఫోన్ చేసి, అక్కడి కంప్యూటర్ ఆపమన్నాడు. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు శశిధర్ అతని ముందుకు తెల్లకాగితం తోశాడు. "పోలీసులకియ్యాలె. ప్రోగ్రాంల ఏ లోపం లేదు, ఆపరేటరే సరిగ్గ సూసుకోలేదని రాయి. లేకుంటే ఇద్దరం లోపలికి పోతం."

ఆపరేటర్ వీరయ్యది మునగాల. ఇరవై ఏళ్లు డ్రయ్యర్ రేకుకు అరచెయ్యి ఆనించి వేడి చెప్పిన మనిషి. ఇక చెయ్యి పెట్టొద్దు, తెర చూస్తే చాలని నేర్పింది సంపతే.

సంపత్ మొదట నిజమే రాశాడు. జైలు తలపుకు వచ్చింది. చించేసి, శశిధర్ చెప్పినట్టే రాశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

వీరయ్యను లోపలికి పిలిచారు. బాల్యాను లాగబోయి కాల్చుకున్న కుడిచేతికి కట్టు ఉంది.

"అంకె కదలకుంటే వేడి నిలకడగ ఉన్నదనుకున్న బిడ్డా," అన్నాడు. "నువ్వే జెప్పు, నాది తప్పేనా?"

శశిధర్ కాగితం చూపించి సంతకం పెట్టమన్నాడు. వీరయ్య చదవబోయి ఆగాడు.

"ఇది నువ్వే రాసినవా?"

సంపత్ తలూపాడు.

"అట్లయితే సదువుడెందుకు," అంటూ వీరయ్య ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.