పైడితల్లి కంచం

గెడ్డలో నడుంలోతు నీళ్ళలో నిలబడి దేముడమ్మ పొద్దుటినుంచీ గోగునార ఒలుస్తూనే ఉంది. ఊరిన గోగుకట్టల కంపుకి ముక్కు ఎప్పుడో అలవాటుపడింది గాని, వేళ్ళసందుల పుళ్ళు మాత్రం నీళ్ళు తగిలినప్పుడల్లా ప్రాణం తీస్తున్నాయి. రోజంతా ఒలిస్తే రూపాయి కూలి. ఈవేళ అది కూడా వదులుకుని మధ్యాహ్నానికే గట్టెక్కింది. రెండు నెలలుగా అసిరయ్య గింజలు కొలవడం లేదు. కులపెద్ద జగన్నాధం నాయుడి అరుగుమీద ఈపూట ఆ తగువు తేలుస్తారు.

అసిరయ్య ఒకప్పుడు ఆమె మొగుడు. మగబిడ్డను కనలేదని మూడేళ్ళ కిందట ఆమెను వదిలేసి ఇంకో మనిషిని తెచ్చుకున్నాడు. అప్పుడు పెద్దలు కూర్చుని, కూతురు పైడితల్లి తిండికి తండ్రి నెలనెలా నాలుగు కుంచాల ధాన్యం ఇవ్వాలన్నారు. "గుంట కంచం ఏ ఇంట్ల ఉంతే గింజలు ఆ ఇంటికి" అని నాయుడు తీర్పు చెప్పాడు. పిల్ల తినే ఇంటికే గింజలు; మాట తేలిగ్గా ఉంది, అందరికీ నచ్చింది.

ఆషాఢంలో రెండో పెళ్ళాం ఆడపిల్లను కన్నది. "పగలు గుంటని పంపు, ఉయ్యాల ఊపుతాది. రేత్రికి నీకాడికే ఒచ్చెస్తాది" అని అసిరయ్య కబురుపెట్టాడు. పైడితల్లికి ఎనిమిదేళ్ళు. సవతి ఇంట్లో పరాయిపిల్లకి పెట్టినట్టు ఆకులో పెడతారేమోనని దేముడమ్మకి మనసొప్పలేదు. గజపతినగరం సంతలో కొన్న సత్తుకంచాన్ని బూడిదతో తళతళా తోమి, తన చేతులతోనే పిల్లకిచ్చి పంపింది. అంత తెలివితక్కువ పని కన్నతల్లి తప్ప ఎవరు చేస్తారు!

కంచం అటు వెళ్ళింది, గింజలు ఆగిపోయాయి. పిల్ల మాత్రం రోజూ సాయంత్రం ఆకలి కడుపుతో తల్లి దగ్గరికే వచ్చేది.

"తీర్పు మీదే కదా మావా. కంచం నా ఇంట్ల ఉన్నాది" అన్నాడు అసిరయ్య, నాయుడి అరుగుమీద నింపాదిగా కూర్చుని.

"పగటేల గంటెడు అంబలి పోస్తన్నాడు బాబూ" అంది దేముడమ్మ. "రేత్రి కూడు, పొద్దుటి సద్ది నాకాడే తింతాది."

"దేన్లో పెడతన్నావు?" అని నాయుడు అడిగాడు.

దేముడమ్మ తల వంచుకుంది. "ఆకులో."

అరుగుమీద నవ్వులు లేచాయి. "ఆకు కంచమవుతాదేటే?" అని నాయుడూ నవ్వాడు. తర్వాత కాస్త జాలిపడినట్టున్నాడు. "రేత్రులు కూడా గుంటని అక్కడే ఉండనీ. నీకు గింజల గొడవే ఉండదు. ఏటే పైడీ, ఉంతావా?"

చంటిదాన్ని భుజానేసుకుని గోడవార నిలబడిన పైడితల్లి తల్లివైపు చూసింది. "నానెలిపోతే సెల్లి ఏడుస్తాది" అంది.

తనను ఎవరైనా ఎత్తుకున్నారో లేదో ఎరగని పిల్ల, ఇంకొకర్ని దించలేకపోతోంది. దేముడమ్మ లేచి, నానిపోయిన చేతులతో చంటిదాన్ని అందుకుని అసిరయ్య ఒళ్ళో పెట్టింది.

"గుంటని ఒగ్గను బాబూ. గింజలూ ఒగ్గను. గుంట తిన్నకాడికి గింజలు రావాల. కంచాన్ని సూసి సెప్పిన తీర్పు నానొప్పను."

నవ్వులు ఆగిపోయాయి. తన తీర్పు ఒప్పనన్న ఆడదాన్ని నాయుడు అంతవరకూ చూడలేదు. "కులంలో ఉండాలనుందా నేదా?" అని అరిచాడు. అప్పటికే ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగింది.

వెనక చంటిది గుక్కపట్టింది. ఊరుకోబెట్టడం చేతకాక అసిరయ్య అరుగుమీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. పైడితల్లి అడుగు సాగడం లేదు.

"అమ్మా, రేపొస్తానని దానికి సెప్పనేదు."

దేముడమ్మ పిల్ల చెయ్యి మాత్రం వదలలేదు.