లోపలి వరస తీగ

గిన్నెలు తోముతుంటే మళ్లీ వినపడింది. కుళాయి కట్టేశాను. ఫ్రిజ్ ఆపేశాను. అయినా ఊం... అంటూ పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది. హాల్లోంచి మా ఆయన టీ ఏమైందని కేకేశాడు. ఆయనకి టీ ఆలస్యం తప్ప ఇంకేమీ వినపడటం లేదు. నాకా శబ్దం తెలుసు. అది మా ల్యాబులో పుట్టింది. నా వెనకాలే ఇంటికెలా వచ్చిందో మాత్రం తెలీదు.

నేను తీగలు తయారుచేస్తాను. వేగంగా పోయే రైళ్లకి పైనుంచి కరెంటు అందించే రాగి తీగలు. మీ ఆవిడేం చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఆయన "ఏదో తీగల కంపెనీలెండి, టైంపాస్" అంటాడు. ఆ టైంపాస్‌కి నా జుట్టు సగం నెరిసింది. రైలు ఎంత వేగంగా పోతే తీగని అంత బిగలాగాలి, లేకపోతే రైలు తాకిడికి తీగ లేచిపడి పట్టు తప్పుతుంది. వట్టి రాగి కరెంటుని హాయిగా పోనిస్తుంది కానీ అంత లాగితే సాగిపోతుంది. ఇంకో లోహం కలిపితే గట్టిపడుతుంది కానీ కరెంటుకి అడ్డుపడుతుంది. గట్టిగా ఉండాలి, దేనికీ అడ్డు రాకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు ఇది విని, కోడలు ఎలా ఉండాలో మా అత్తింటివాళ్లు చెప్పిందీ ఇదే కదా అని నవ్వుకున్నాను.

ఆ చిక్కు విప్పింది నేనే. చిటికెడు క్రోమియం, అంతకన్నా తక్కువ జిర్కోనియం. కరిగించి, చప్పున చల్లార్చి, మళ్లీ సన్నసెగన ఉంచితే అవి రాగిలోంచి విడివడి కంటికి కనపడని నలుసులవుతాయి. రాగి శుభ్రపడుతుంది, తీగ గట్టిపడుతుంది. ఆ సెగ కాస్త ఎక్కువసేపు తగిలితే మాత్రం నలుసులు పెద్దవై తీగ మెత్తబడిపోతుంది, చూస్తే ఏ తేడా తెలీదు. మా పెద్దసారు రైలువాళ్లకి నన్ను చూపించి "మా మేడమ్ వంట భలే కుదిరింది" అన్నారు. అందరూ నవ్వారు. ఆ వెంటనే, మేడమ్, వాళ్లకి కాఫీలు చూడండి అన్నారు. చూశాను కూడా, సిగ్గులేకుండా.

శబ్దం సంగతికొస్తాను. పరీక్షకి ముక్క ఎప్పుడూ తీగ చుట్ట పైకొస నుంచే కోసి, బరువు కట్టి వేలాడదీసి, సాగుతుందేమో చూస్తాం. చేతికందేది అదే కాబట్టి అందరూ అలాగే చేస్తారు. కొలిమిలోంచి తీశాక పైవరసలు తొందరగా చల్లారతాయి, లోపలి వరసలు చాలాసేపు వేడిగానే ఉండిపోతాయి. ఇది మాలో ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా. పనికిరాదని పక్కనపడేసిన పాత చుట్టలోంచి ఒక లోపలి ముక్క దొరికితే, ఊరికే, దానికీ బరువు కట్టి పైముక్క పక్కన వేలాడదీశాను. మొదట్లో రెండూ కలిపి మీటితే ఒకటే గొంతు. కొన్నాళ్లకి ఆ గొంతు ఊం... అంటూ పెరిగి, తగ్గి, ఊగడం మొదలైంది. అంటే రెండిట్లో ఒకటి సాగుతోంది. లోపలిదే.

పెద్దసారుతో చెప్పాను. ఈసారి పంపే చుట్ట కూడా అలాగే చల్లారింది, లోపలి వరస చూడకుండా పంపొద్దన్నాను. ఆ వరస చేతికి రావాలంటే పైవరసలన్నీ కొయ్యాలి. అతుకు పడ్డ తీగని ఆ వేగానికి ఎవరూ వాడరు, కాబట్టి కోస్తే చుట్ట మొత్తం దండగే. వచ్చేవారమే దాని కింద రైలు నడిపి చూస్తారు, లోపల మనుషులుంటారు. "చెవితో పరీక్షలు చేస్తారా మేడమ్ ఎవరైనా? రెండ్రోజులు ఇంట్లో రెస్టు తీసుకోండి" అన్నారాయన. ఇంట్లో రెస్టట! ఆ మాట అనడానికి మగాడై పుట్టాలి.

ఇంట్లో ఆ శబ్దం రోజురోజుకీ దగ్గరికొచ్చింది. చెయ్యి ఆనిస్తే గోడలోనూ ఉంది, మంచం పట్టీలోనూ ఉంది. మా ఆయన "సర్దుకుపోవాలోయ్, వాళ్లకంటే నీకెక్కువ తెలుసా ఏంటి?" అంటుంటే ఆయన మాట వెనకే లేచింది. భయమేసింది. నిజంగానే నాకు మతి పోతోందేమో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అత్తయ్యా నేనూ బట్టలు మడతపెడుతున్నాం. నా చేతులు ఆగిపోవడం చూసి ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"ఏమ్మా, నీకూ మొదలైందా?"

దుప్పటి కొసలు కలుపుతూ ఆవిడే చెప్పుకొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడకీ వినపడేదట. గోడకి చెవి ఆనించి కూర్చునేదట. మామగారు చెవుల డాక్టరుకి చూపిస్తే ఏమీ లేదు, పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందన్నాడట.

"తర్వాత?"

"తర్వాతేముంది, పోయింది. ఏ రోజు పోయిందో కూడా తెలీదు. నీకూ పోతుందిలే తల్లీ, కంగారుపడకు."

నన్ను ఓదారుస్తున్నాననుకుంటూ నవ్వింది. పాపం, ఆవిడకి నేనంటే ప్రేమే. ఏడుపొచ్చి ఆవిడ భుజమ్మీద చెయ్యి వేశాను. వేసి, వెనక్కి లాక్కున్నాను. ఆవిడ ఎముకలో ఉంది. ఊం... అంటూ, నా చేతికింద, గోడలో కంటే గట్టిగా. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు దిండుగలీబులు మడతపెట్టుకుంటోంది. శబ్దం పోలేదు, వినపడటం పోయింది. నాకు ఆ శబ్దమంటే ఉన్న భయం అక్కడితో పోయి, అది వినపడని రోజంటే భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాను. చుట్ట లారీ ఎక్కడానికి సిద్ధంగా ఉంది. దాన్ని రంపం దగ్గరికి తెమ్మన్నాను. రంపం నడిపేవాడు, పెద్దసారు చెప్పారా మేడమ్ అని నసిగాడు. నువ్వు పక్కకి రా బాబూ, నీకెందుకీ గొడవ అని నేనే స్విచ్ వేశాను. పైవరసలు ఒక్కొక్కటే తెగి రెండుపక్కలకీ విడిపోయాయి. లోపలి వరస అందగానే ఒక ముక్క, పైనుంచి ఒక ముక్క తీసుకుని లాగుడు యంత్రానికి బిగించాను. పైముక్క లాగాల్సినంతా లాగినా నిలబడింది. లోపలిది సగం దారిలోనే నడుమ సన్నబడి, సాగి, పుటుక్కున తెగింది.

పెద్దసారు వగరుస్తూ వచ్చారు. నేలంతా రాగి ముక్కలు. తెగిన ముక్కని చూశారు, నన్ను చూశారు, మొహం కందిపోయింది.

"ఎన్నేళ్ల కష్టం ఇలా ముక్కలు చేశారో తెలుసా? ఎవరి కష్టమో తెలుసా అసలు?"

"నాదే సార్," అన్నాను. "అందుకే ఎవర్నీ అడగలేదు."