మూత మీది సంతకం

ఆమెకు వంకలమ్మ అని పేరు పెట్టింది ప్రొఫెసరే. క్యాన్సర్ కణాలను చంపే మందు కనిపెట్టానని ఆయన ఊరూవాడా చాటుకుంటున్న రోజుల్లో, ఆమె ఆయన ల్యాబులోనే టెక్నీషియన్. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో కణాలను పెంచి, మందు వేసి, మూడు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి చూడటం ఆమె పని.

"సార్, మందు ఎప్పుడూ అంచు గుంటల్లోనే వేస్తున్నాం. అక్కడ నీరు తొందరగా ఆరిపోతుంది. కణాలు అందుకే చస్తున్నాయి. నడిమి గుంటల్లో వేసి చూశాను, ఒక్కటీ చావలేదు."

"నీ చేతులు పనికిరావు. పైగా అన్నిటికీ వంకలు!" అన్నాడాయన అందరి ముందూ.

అక్కడితో ఊరుకున్నాడా, మహానుభావుడు! ప్లేటు చేసినవాళ్లు దాని మూత మీద సంతకం పెట్టడం ల్యాబుల్లో పద్ధతి. ఆమె సంతకమున్న మూతను తన బల్ల మీద పెట్టుకుని, "చేతకానివాళ్ల పని ఇలా ఉంటుంది" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. చివరికి ఆమెను పనిలోంచే తీసేశాడు. రెండేళ్లు ఆమెకు ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. "పోనీలేవే" అనేది అమ్మ. "ఎలా పోనిస్తానమ్మా?" అని పళ్లు కొరికేది ఆమె.

ఆ గొడవ జరిగి ఆరేళ్లయింది. రోగులకు ఇవ్వబోయే ప్రతి మందునూ మరోసారి పరీక్షించే కేంద్రంలో ఆమె ఇప్పుడు ఉద్యోగి. ఒకరోజు ప్రొఫెసరు మందు ఫైలు ఆమె బల్ల మీదికే వచ్చింది. తనే చేసి తేల్చవచ్చు. కానీ ఆయన మళ్లీ తన చేతులదే తప్పంటాడు. అందుకని ఆయననే పిలిపించింది.

"నా చేతులు పనికిరావు కదా సార్. మీరే చెయ్యండి. ఒక్కటే మార్పు. మందు మధ్యలో వెయ్యండి, అంచుల్లో వద్దు."

"ఎక్కడ వేస్తే ఏంటి? మందు మందే!"

ఇద్దరు అధికారుల ముందు ఆయన దర్జాగా ప్లేటు నింపి, మూత మీద సంతకం గీకాడు. ఆమె దాన్ని వెచ్చటి పెట్టెలో పెట్టించి, తాళం వేసి, తాళంచెవి అధికారులకు ఇచ్చేసింది.

నాలుగో రోజు మైక్రోస్కోపులో చూస్తే, మందు పడిన కణాలు నడిమి గుంటల నిండా నిక్షేపంగా ఉన్నాయి. మందు చుక్క పడనివి అంచుల్లో చచ్చిపడి ఉన్నాయి.

"అయితే మందు వేస్తేనే బతుకుతున్నాయన్నమాట!" అన్నాడు ఒక అధికారి. రెండో ఆయన ఫైలు మీద 'తిరస్కరించాం' అని రాశాడు.

ప్రొఫెసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ముందే తెలుసా నీకు?"

"మీకు చెప్పాను కదా సార్, ఆరేళ్ల కిందటే."

ఆయన మీద జాలి పుడుతుందేమోనని ఆమె ఇన్నాళ్లూ భయపడింది. పుట్టలేదు. కడుపు చల్లబడింది, అంతే. ప్లేటు మూత తీసి, సంతకం బాగా కనిపించేలా తన బల్ల మీద నిలబెట్టింది.

"ఇది ఇక్కడే ఉంటుంది సార్. వచ్చినవాళ్లకి చూపించాలి."