నోట్లో గింజ పడకుండా

మా మంగళవాడలో విత్తనం వేరుశనగ ఒలిచే దినాల్లో కథ చెప్పేవాడికి ఉండే గౌరవం ఇంకెవరికీ ఉండదు. కాయల మీద నీళ్లు చల్లి, మెత్తబడ్డాక కుప్ప చుట్టూ పదిమంది కూర్చుని చేత్తో ఒలుస్తాం. గింజ చేటలో పడాలి. కానీ చేతికీ నోటికీ ఎంత దూరం? చెప్పేవాడి మాట చప్పగా ఉంటే గింజలన్నీ నోళ్లలోకే పోతాయి. మాట రక్తి కడితే నమలడం మర్చిపోయి వింటారు, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. వరసగా వానలు ఎగ్గొట్టిన ఆ ఏళ్లలో విత్తనం గింజ అంటే ఆషామాషీ కాదు. అందుకే ఎవరింట్లో కుప్ప పోసినా ముందు నాకే కబురు వచ్చేది. "ఎర్రిస్వామి వచ్చి కూర్చుంటే నాకు నాలుగు సేర్లు మిగుల్తాయి" అని సంజీవమ్మక్క పదిమందిలో అనింది. పన్నెండేళ్లు ఆ చోటు నాది.

ఎనభై ఆరులో దాన్ని దాసన్న లాక్కున్నాడు.

దాసన్న నాతో బడికి వచ్చినవాడే. వాడి చేనూ నా చేనూ ఒకే గట్టు. పదెకరాల ఆసామి, మాట్లాడితే నాలుగు మాటలకు మించి రావు. అట్లాంటివాడు ఉగాది కాగానే సైకిలెక్కి, దేశం చూసొస్తానని పోయాడు. నెల తర్వాత వచ్చాడు. నల్లగా మాడిపోయాడు, బుగ్గలు పీక్కుపోయాయి, కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. మొక్కుబడికి పోతారు, పెళ్లికి పోతారు, ఎద్దుల కోసం సంతకు పోతారు. ఊరికే చూడటానికి సైకిలు తొక్కుకుంటూ ఎవరైనా పోతారా? నాకు ఆ రోజే ఒళ్లు మండింది.

ఆ ఏడు సంజీవమ్మక్క కుప్ప దగ్గర నా చోట్లో వాడు కూర్చున్నాడు. నన్ను కూడా పిలిచింది, ఒలవడానికి.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. పెనుకొండ దాటాక కనుమ ఎక్కాడట. దిగేటప్పుడు బ్రేకులు ఆనవని సైకిలు వెనక పెద్ద తుమ్మకొమ్మ కట్టుకున్నాడట. ఆ కొమ్మ లేపిన దుమ్ము చూసి, బస్సు వస్తోందనుకుని కింది ఊరివాళ్లు మూటలతో సహా రోడ్డు మీదికి వచ్చేశారట. తాడిపత్రి అవతల అన్నీ నాపరాళ్ల గుట్టలట. పాత కోట బురుజుల కింద ఊళ్లట. ఇంటి కప్పు నాపరాయి, అరుగు నాపరాయి, పశువుల గాటిపాడు నాపరాయి, చేనికి కంచె కూడా నిలబెట్టిన నాపరాళ్లేనట. ఒక గుట్టలో గవి, పెద్ద గుహ, ఉందట. నడి వేసవిలో దాని నోటి దగ్గర నిలబడితే లోపల్నుంచి చల్లటి గాలి వచ్చి మొహానికి కొడుతుందట.

"చలేసింది. కండవ కప్పుకున్నా" అన్నాడు దాసన్న.

కుప్ప చుట్టూ ఒక్క పన్ను కదల్లేదు. నేను ఒక్కణ్ణే పంతం కొద్దీ గింజలు నమిలాను. అందరికీ వినపడేట్టు నమిలాను. నా భార్య భాగీరథమ్మ కాయ పట్టుకున్న చేయి గాల్లోనే ఉంచి వింటోంది.

ఇంటికి వస్తుంటే ఆమె అంది: "దాసన్న చెప్తా ఉంటే నేనే ఆడికి పోయొచ్చినట్టు ఉండాది."

"నేను పన్నెండేళ్లు చెప్తే యాడికీ పోలేదా నువ్వు?"

"నువ్వు చెప్పేవి మనూరి కథలే గదా. మళ్లీ మళ్లీ అవే."

కుళ్లు అంటారే, అది నాకు ఆ మాటతో పుట్టింది. వాడు చెప్పింది అబద్ధమని తేలాలి. పక్కనున్న పావగడ దాకా పోయి ఎవరి దగ్గరో విని వచ్చి, తాను చూసినట్టు చెబుతున్నాడని నా గట్టి నమ్మకం. మర్నాడు తెల్లవారి సద్దిమూట కట్టుకుని నా డొక్కు సైకిలు బయటికి తీశాను.

"యాడికి?" అంది భాగీరథమ్మ.

"దేశం చూసేకి" అన్నాను.

పెనుకొండలో గోపురం మూడంతస్తులదో ఐదంతస్తులదో నేను చూడలేదు. కోటగోడ నీడలో టీ తాగి, "మంగళవాడ దాసన్న అని ఒకడు సైకిలు మీద ఇట్లా వచ్చినాడా?" అని అడిగాను. టీ అంగడివాడికి గుర్తు లేదు. నాకు సంబరమైంది. ఆ సంబరంతో కనుమ ఎక్కాను, దిగాను. కింది ఊళ్లో బావి దగ్గర అదే ప్రశ్న అడిగితే అక్కడున్న ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు.

"కొమ్మ కట్టుకొని వచ్చినోడా? మా అత్త ఆ పొద్దు మూట ఎత్తుకొని పరిగెత్తి కింద పడింది గదప్పా" అంది ఒకామె.

వాళ్లు నీళ్లు పోస్తే తాగాను గానీ అవి చేదుగా ఉన్నాయి. చేదు నీళ్లదో నా నోటిదో చెప్పలేను.

ఇంక అక్కడ్నుంచి ధర్మవరం, ఆపైన తాడిపత్రి, నాపరాళ్ల గుట్టలు. ఎక్కడ పెడల్ ఆపినా దాసన్న గురించే అడిగాను. బురుజు కింద చీట్లాడుకునేవాళ్లను అడిగాను. మండపంలో పడుకున్నవాణ్ణి లేపి మరీ అడిగాను. ఐదో రోజు ఒక రాళ్ల గని దగ్గర మేస్త్రీ నా ప్రశ్న విని తలెత్తాడు.

"పావగడ తట్టు దాసన్ననా? ఇరవై దినాలు మా కాడ బండలు మోసినాడప్పా. మంచి పనోడు. ఏం, మళ్లీ వస్తాడంటనా?"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పదెకరాల ఆసామి, దేశం చూసొచ్చిన దొర, కూలికి బండలు మోశాడు. గవి ఆ గుట్టకు అవతలి పక్కనే అని మేస్త్రీ చెయ్యి చూపించాడు. నేను అటు చూడను కూడా చూడలేదు. సైకిలు వెనక్కి తిప్పి, పోవడానికి పట్టినదానికంటే ఒక రోజు తక్కువలోనే ఊరు చేరాను.

వాన ఇంకా పడలేదు. సంజీవమ్మక్క మిగిలిన మూటలు విప్పి రెండో కుప్ప పోసింది. నేను చెప్పులు విడవకముందే, "ఎర్రిస్వామి కూడా ఆ దేశం చూసొచ్చినాడంట. ఈ పొద్దు నువ్వు చెప్పప్పా" అంది. దాసన్న నవ్వి, పక్కకు జరిగి నా చోటు నాకు ఇచ్చాడు.

కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను.

"పెనుకొండ దాటితే కనుమ. ఎక్కినా. దిగినా. ఆమైన ధర్మవరం. ఆమైన..."

ఆమైన ఏముంది? తొమ్మిది రోజులు తొక్కాను. రోడ్డు గుర్తుంది, సైకిలు ముందు చక్రం గుర్తుంది, అందరినీ అడిగిన ప్రశ్న గుర్తుంది. "నాపరాళ్లు ఉండాయి. శానా ఉండాయి" అన్నాను. ఎవరో పటుక్కుమని గింజ కొరికారు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి కుప్ప చుట్టూ మేకల మంద మేస్తున్నట్టు చప్పుడు. భాగీరథమ్మ కూడా తల దించుకుని నములుతోంది.

"గవి చూసినావా?" సంజీవమ్మక్క అడిగింది. తన విత్తనం అందరి నోళ్లలో అరిగిపోతుంటే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గవి కాదక్కా, గని చూసినా" అన్నాను. దాసన్న చేయి ఆగింది. అది చూశాక ఇంక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. "ఈయప్ప దేశం చూసేకి పోలేదు. ఆడ ఇరవై దినాలు కూలికి బండలు మోసినాడు. మేస్త్రీ నాతో చెప్పినాడు."

నమలడం ఆగింది. చేతులు కూడా ఆగాయి. పన్నెండేళ్లలో నా మాటకు అంత నిశ్శబ్దం ఎప్పుడూ రాలేదు. చెప్పకేం, చాలా సంతోషం కలిగింది.

దాసన్న కాయ ఒలిచి గింజలు చేటలో వేశాడు.

"మోసినా" అన్నాడు. "పోయింది చూసేకే. సద్ది అయిపోయినాక మోసినా. బండలు మోసినా అని ముందే చెప్తే మీరు నా బుజాలు చూస్తా కూర్చుంటారు, చెప్పేది వినరు. అందుకే చెప్పలే."

వాడు ఇంకో కాయ తీసుకున్నాడు.

"గనిలో రాయి పొరలు పొరలుగా ఉంటాది. గడ్డపార మొనతో తట్టి చెవి పెట్టి వింటారు. మంచి బండైతే గంట కొట్టినట్టు పలుకుతాది. ఆమైన ఉలి పెట్టి లేపితే తలుపు తీసినట్టు పొర లేస్తాది. ఒకనాడు ఒక పొర లేపినాం. కింద రాతి మీద అలలు ఉండాయి."

"ఏం అలలు?" భాగీరథమ్మ అడిగింది.

"నీళ్ల అలలమ్మా. చెరువులో గాలికి లేస్తాయి చూడు, అట్లనే, రాతిలో. ఎప్పుడో ఆడ నీళ్లు నిలిచినాయంట. నీళ్లు పోయినా గుర్తు పోలేదు. ఆ బండను పగలగొట్టొద్దని మేస్త్రీ కాళ్లు పట్టుకున్నా. నేనుండే వరకూ పక్కన పెట్టినాడు. దినామూ పనికి దిగే ముందు దాని మీద అరచెయ్యి పెట్టేవాణ్ణి. మనూరి చెరువు గుర్తుకొచ్చేది."

మా చెరువులో నీళ్లు చూసి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ కుప్ప చుట్టూ ఉన్నవాళ్లందరికీ గుర్తుకొచ్చినట్టున్నాయి. సంజీవమ్మక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వాడు ఆ అలలు ఎంత వెడల్పో, చేతి కింద ఎట్లా తగిలేవో, ఎండ ఏటవాలుగా పడితే ఎట్లా కదిలినట్టుండేవో చెబుతూ పోయాడు. నేను ఆ గని అంచున నిలబడ్డాను. మేస్త్రీ పక్కనే నిలబడ్డాను. ఆ బండ నా కాలికి ఎంత దూరంలో ఉందో దేవుడికే తెలియాలి.

పొద్దు వాలింది. సంజీవమ్మక్క చేటలు చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఎర్రిస్వామీ, అందరికంటే నీ చేటే నిండింది గదప్పా" అంది.

తల దించి చూశాను. చేట అంచు దాకా గింజలున్నాయి. ఎప్పుడు ఒలిచానో తెలియదు. నాలుకతో తడుముకుంటే నోట్లో ఒక్క పప్పు బద్ద కూడా లేదు. దాసన్న కూడా చూశాడు నా చేట. వాడు చూశాడన్నదే నాకు ఇప్పటికీ మండుతుంది.