గుమ్మం బయట రంగు

మావాడికి రంగుల కొట్టుంది. ఏ రంగు ముక్క చూపించినా అచ్చం అలాంటిదే కలిపిస్తాడు. బిడ్డ పుడుతుందని గదికి తనే నిమ్మపండు రంగు వేశాడు, పైకప్పుతో సహా. అది చాలదన్నట్టు కోడలు పసుపు పరదాలు కుట్టింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మనవరాలి ముఖం మీదికి వంగి చూశాను.

"ఒరేయ్, పిల్ల పచ్చగా ఉందిరా."

"గోడల రంగు పడుతోందమ్మా. నీ జుట్టూ పచ్చగానే ఉంది," అని నవ్వాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. ముందు నువ్వు చూపించుకో."

ఒళ్లు మండింది. కానీ ఆ గదిలో తెల్ల దుప్పటి కూడా పచ్చగానే ఉంది మరి. రంగుల్లో ఆరితేరినవాడు, నాకేం తెలుసులే అని నోరు మూసుకున్నాను.

మరుసటి ఉదయం పిల్ల పాలు తాగలేదు. కోడలు అరికాలు గిల్లినా కళ్లు తెరవలేదు.

"నిద్రపోనీ, బుద్ధిమంతురాలు," అన్నాడు వాడు. గొంతులో ధీమా మాత్రం లేదు. నేను వాడి భుజం పట్టుకుని కుదిపాను.

"కొట్టుకి వచ్చినవాళ్లకి ఏం చెప్తావురా? లోపల చూసి మోసపోకండి, తెల్ల అట్ట మీద పూసి గుమ్మం బయట చూడండి అంటావే! నీ కూతురికి ఆ మాత్రం చెయ్యవా?"

వాడు పిల్లనెత్తుకుని గుమ్మం దాటాడు. నేను తెల్ల అట్ట తెచ్చి దాని చెంప పక్కన పెట్టాను. అట్ట తెల్లగానే ఉంది. వాడు పిల్ల నుదుటిని వేలితో నొక్కి తీశాడు. వేలు తీసినచోట అచ్చం మా గోడ రంగే.

"అమ్మా," అన్నాడు. పిల్లని గుండెకి హత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు.

ఆసుపత్రిలో దాని కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టారు. కామెర్లు ముదిరాయట. రక్తంలోని ఆ పసుపు మెదడుకెక్కితే వినికిడి పోవచ్చట.

"ప్రాణానికి భయం లేదు. చెవుల సంగతి ఇప్పుడే చెప్పలేం," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక పిల్లని ఆ గదిలోకి తీసుకెళ్లలేదు. ఉయ్యాల వరండాలో వేశాం. మావాడు ఉయ్యాల వెనక నిలబడి రంగు డబ్బా మూత నేలకేసి కొట్టాడు. పిల్ల కదల్లేదు. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిద్రలో ఉందిరా," అన్నాను. నా మాట నేనే నమ్మలేదు.

ఈసారి డబ్బానే ఎత్తి పడేశాడు. పిల్ల ఉలిక్కిపడి కేరుమంది.

"ఏడు నా తల్లీ, గట్టిగా ఏడు," అంటూ వాడు అక్కడే కూలబడి, పిల్లకంటే గట్టిగా ఏడ్చాడు.