ఉప్పు తెలియని రోజులు

సతుర్నినోని పూడ్చిపెట్టిన మర్నాడు, తెల్లవారి ఐదింటికి ఎర్మెలిందా మా ఉమ్మడి వంటశాలకు వచ్చింది. ఆ రోజు పొయ్యి వంతు మా ఇద్దరిదీ. మొగుడు పోయిన మనిషి ఎలా వస్తుందిలే అనుకుని నేను ఇంకొకామెను రమ్మన్నాను. ఎర్మెలిందా రేకు తలుపు తోసుకుని వచ్చి, నల్ల శాలువా తీసి మేకుకు తగిలించి, బఠాణీ తొక్కల బుట్ట ముందుకు లాక్కుంది.

"ఏమే, ఇవాళ కూడానా? ఇంట్లో పడుకోరాదూ?" అన్నాను.

"పడుకుంటే తొక్కలు వాడిపోతాయి ఒబ్దూలియా," అంది.

లిమా నగరం అంచున, శాన్ గబీనో అని మేమే పేరు పెట్టుకున్న ఇసుక కొండ మాది. ధరలు ఒక్క రాత్రిలో ఆకాశానికంటిన ఏడాది అది. ఏ ఇంట్లోనూ విడిగా పొయ్యి వెలిగించే స్తోమత లేక నలభై ఇళ్లవాళ్లం ఒకే డేగిసాలో వండుకునేవాళ్లం. ఆ డేగిసా నిండేదంటే ఎర్మెలిందా చలవే. గింజలు ఒలిచాక అంతా పారేసే బఠాణీ తొక్కల్లోంచి పీచు లాగి, ఉడికించి, వడగట్టి చారు చేసేది. చేపల బజారులో పిల్లులకు విసిరే తలకాయలు తెచ్చి పులుసు పెట్టేది. ఆమె తీసిన ఆలుగడ్డ తొక్కలోంచి చూస్తే అవతలి మనిషి కనిపించేవాడు.

సతుర్నినో హోల్‌సేల్ మార్కెట్‌లో మూటలు మోసేవాడు. ఆలుగడ్డల బస్తా వీపు మీద ఉండగానే రెండు లారీల మధ్య కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం, పిల్లలు లేరు. ఎర్మెలిందా కళ్లలోంచి ఒక్క చుక్క రాలలేదు. అది మనిషి కాదు, రాయి అన్నారు కొండమీది వాళ్లు. ఆమె చెవిన పడేలాగే అన్నారు. పడిందో లేదో, ఆమె మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

మేం వదిలి వచ్చిన పర్వతాల ఊళ్ల ఆచారం ప్రకారం ఐదో రోజున పోయినవాడి బట్టలు ఉతకాలి. ఊళ్లో అయితే ఏటికి తీసుకెళ్తాం. ఇక్కడ ఏరెక్కడిది? లారీ తెచ్చి పోసిన పీపా నీళ్లతోనే ఉతికాం. ఆ నీళ్లను కూడా ఎర్మెలిందా పారబోయనివ్వలేదు. దుమ్ము అణగడానికి గుమ్మం ముందు చల్లింది. ఉతికాక బట్టలు కాల్చాలి. సతుర్నినో చెల్లెలు దల్మీరా పక్క కొండ మీద ఉంటుంది. ఆమె వచ్చి మంట వేసి కూర్చుంది.

"ఆ కోటు ఇలా ఇవ్వు వదినా."

"మంచి కోటు. మోచేతుల దగ్గరే అరిగింది," అంది ఎర్మెలిందా.

"అరిగితేనేం, అరక్కపోతేనేం! పోయినవాడి బట్ట ఇంట్లో ఉంటే ప్రాణం వెనక్కి లాగుతుంది."

"రెండు చొక్కాలు ఇచ్చానుగా."

"అవి రెండూ చింకివేగా!"

"చింకివే కాలుస్తారు."

వెనక ఎవరో కిసుక్కుమని నవ్వి, వెంటనే దగ్గు నటించారు. దల్మీరా లేచి నిలబడింది.

"మా అన్నని కోసి మసిగుడ్డలు చేసుకుంటావా? నీ పిసినారితనం తగలెయ్యా! పెట్టెలో శవం ఉండగానే కొవ్వొత్తి ముక్కలు ఏరుకున్నావు. నేను చూళ్లేదనుకున్నావా?"

అది నిజమే. నేనూ చూశాను.

ఎర్మెలిందా గిన్నెలు ముందుకు జరిపి, "చారు చల్లారిపోతోంది. తినండి," అంది.

దల్మీరా తన గిన్నె ముట్టుకోకుండానే కొండ దిగి వెళ్లిపోయింది. ఎర్మెలిందా ఆ గిన్నెలోని చారును మళ్లీ డేగిసాలో పోసింది. అందరం చూస్తూనే ఉన్నాం. ఆ వారంలోనే ఆమె కోటు చేతులు కత్తిరించి, వేడి గిన్నెలు దించడానికి మడతలు కుట్టి తెచ్చింది. మిగిలిన కోటు తనే తొడుక్కుంది. ఆ మసిగుడ్డలు పట్టుకోవడానికి మొదట్లో నా చేతులు రాలేదు. పది రోజులకు అలవాటైపోయింది.

తర్వాత ఒకరోజు చారు ఉప్పు కషాయంలా అయింది. ఎవరూ పారబోయలేదు. సగం తోడి రేపటికి ఉంచి, మిగతా సగంలో నీళ్లూ నాలుగు ఆలుగడ్డలూ వేసి గండం గట్టెక్కించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే తంతు. ఈసారి ఉప్పే లేదు.

"ఎర్మెలిందా, రుచి చూశావా?" అన్నాను.

"చూశాను."

"ఎలా ఉంది?"

ఆమె గరిటెతో ఇంకాస్త తీసి నోట్లో వేసుకుంది.

"వేడిగా ఉంది," అంది.

నేను పొయ్యిలో మంట తగ్గించి ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. సతుర్నినో పోయాడన్న కబురు వచ్చినప్పుడు ఆమె ఉడికిన చిలగడదుంప తింటోందట. నోట్లో ఉన్న ముద్ద ఉన్నట్టుండి మట్టిలా అయిపోయిందట.

"ఆ రోజు నుంచీ అంతే. బెల్లమైనా మట్టే, ఉప్పైనా మట్టే. పారెయ్యకూడదు కాబట్టి తింటున్నాను."

"మరి ఏడుపు?"

"వస్తే ఏడవనా ఒబ్దూలియా? ఆపుకుంటున్నానని అనుకుంటున్నారా అందరూ?"

ఆరోగ్య కేంద్రంలో నర్సు నాలుక చూసి, ఏమీ లేదమ్మా అని విటమిన్ మాత్రలు ఇచ్చింది. వాటివల్ల ఏమీ ఒరగలేదు. అయినా ఇచ్చినవి వృథా చేయకూడదని ఆఖరి మాత్ర దాకా మింగింది. అప్పటి నుంచి ఉప్పు వేసే పని నాదైంది. తొక్కలు తీయడం, వడగట్టడం, వడ్డించడం ఆమెవి.

అక్టోబరులో దల్మీరా పనిచేసే కుట్టుపని షెడ్డు మూతపడింది. వాళ్ల కొండమీది వంటశాల అంతకుముందే ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం ఎనామిల్ గిన్నె చంకన పెట్టుకుని వచ్చి మా వరస చివర నిలబడింది. వరసలో వాళ్లంతా తిరిగి చూశారు. ఎర్మెలిందా ఆమెకు కూడా నిండు గరిటె పోసింది. అడుగు నుంచి వెతికి ఒక కోడికాలు కూడా వేసింది.

ఆ రోజు నీళ్ల లారీ ఆలస్యమై, నేను వచ్చేసరికే వడ్డన మొదలైపోయింది. ఉప్పు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

దల్మీరా ఒక గుక్క తాగి తలెత్తింది. "ఇదేంటి వదినా, ఉప్పు దగ్గర కూడా పిసినారితనమేనా?"

ఎర్మెలిందా ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపింది. "నువ్వే వేసుకో. నాకు తెలియదు."

"తెలియకపోవడమేంటి? ఇంత వయసొచ్చి?"

"మీ అన్నయ్య పోయిన రోజు నుంచీ దానికి రుచి తెలియట్లేదమ్మా," అన్నాను నేను. "ఉప్పూ లేదు, తీపీ లేదు. మూడు నెలలవుతోంది."

దల్మీరా వదినకేసి చూసింది. ఆమె తర్వాతి గిన్నెలో పోస్తోంది. దల్మీరా తన గిన్నె కింద పెట్టి, డేగిసా దగ్గరికి వచ్చి, పిడికెడు ఉప్పు వేసి కలిపి, కాస్త నాలుక మీద వేసుకుని చూసింది. ఇంకో చిటికెడు వేసింది.

"ఇప్పుడు సరిపోయింది. ముందు పోయించుకున్నవాళ్లు కూడా రండి, తలా కాస్త ఉప్పు వేస్తాను," అని కేక పెట్టింది.

క్షమించమని ఆమె అనలేదు. పరవాలేదని ఈమె అనలేదు. మర్నాడు దల్మీరా పొద్దున్నే వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. నాకు ఉప్పు పని తప్పింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, తొక్క మందంగా తీశావని వదిన, ఇంతకంటే పల్చగా తీస్తే గాలే మిగులుతుందని మరదలు, వాదులాడుకునేవాళ్లు.

క్రిస్మస్‌కు ముందు ఒకరోజు క్వినోవా వండాం. ఆ గింజను ఏడెనిమిది నీళ్లలో కడిగితే గానీ చేదు వదలదు. ఆ వారం నీళ్లు చాలా కరువు. ఎర్మెలిందా అలవాటుకొద్దీ ఒక చెంచా నోట్లో వేసుకుని, మొహం చిట్లించింది.

"ఎవరు కడిగారిది? చేదు."

"నేనే. మూడు నీళ్లలో కడిగాను. ఇంకెన్నిసార్లు కడగను, నీళ్లెక్కడివి…" అంటూ దల్మీరా సగంలో ఆగిపోయింది. నావైపు చూసింది. "ఏమన్నావు వదినా?"

"చేదన్నాను."

ఎర్మెలిందా ఇంకో చెంచా తిని, కళ్లు మూసుకుని నమిలింది. తర్వాత గిన్నెడు పెట్టించుకుని గోడవారగా కూర్చుని, అంత చేదూ నెమ్మదిగా, ఒక్క గింజ మిగల్చకుండా తిన్నది. దల్మీరా శాలువా చెంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లింది. ఏడ్చింది ఆమే. ఎర్మెలిందా ఏడవలేదు.

తీపి, ఉప్పు ఇంకా రాలేదు. చేదొక్కటే వచ్చింది. అవి కూడా వస్తాయేమో తెలియదు. అడిగితే, "వస్తే వస్తాయి," అంటుంది.

గురువారాలు వదినామరదళ్లిద్దరూ సంచులు పట్టుకుని తెల్లవారుజామున మొదటి బస్సులో చేపల రేవుకు వెళ్తారు. తలకాయలు ఉచితంగా దొరికేది ఆ వేళలోనే.