చూరు కింద

నేను ఒక గూన పెంకును. మీ పాత ఇళ్ళ కప్పు మీద బోర్లించి ఉంటాయే, ఆ జాతిదాన్నే. కాకపోతే మీ పెంకులకన్నా పొడవెక్కువ, మందమెక్కువ. మాది ఇటలీలో కొండల మధ్య ఉన్న ఒక పెద్ద ఎస్టేటు. నేను చెప్పేది రోమన్ల కాలం నాటి మాట.

ఎస్టేటు బట్టీలోనే పుట్టాను. కర్ర అచ్చు మీద తడిమట్టి పరిచి, అరచేత్తో నిమిరి, ఆరబెట్టి కాల్చారు. నా పక్కన ఆరుతున్న పెంకు మీదుగా ఒక కుక్క నడిచిపోయింది. ఆ పాదాల గుర్తులున్న పెంకును ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంచారు. అందరూ వంగి చూసి ముచ్చటపడతారు. నన్ను నిమిరిన మనిషి వేళ్ళ గుర్తులు నా మీద కూడా ఉన్నాయి. వాటి కోసం ఎవరూ వంగరు.

మా యజమాని రోమ్‌లో ఉండేవాడు. ద్రాక్ష కోతలప్పుడు మాత్రం వచ్చి, రంగుల బొమ్మలు వేసిన గదుల్లో కొన్నాళ్ళు గడిపి వెళ్ళేవాడు. వేటకుక్కలను పేరు పెట్టి పిలిచేవాడు. గానుగ దగ్గర పనిచేసే బానిసల పేర్లతో ఆయనకు అవసరం పడలేదు. నా చోటు ఆ గానుగశాల కప్పు మీద, చిట్టచివర, చూరు దగ్గర.

ఒక చలికాలం ఈదురుగాలికి జారి గడ్డికుప్ప మీద పడ్డాను. పగల్లేదు. మళ్ళీ పైకెక్కించే ఓపిక ఎవరికీ లేక గోడకు ఆనించి వదిలేశారు. వెనుస్టా అనే బానిసపిల్ల నన్ను తీసుకుంది. వంటశాల నుంచి తన గదికి నిప్పులు మోసుకెళ్ళడానికి నేను పనికొచ్చాను.

ఆ గదిలో ఆమె కొడుకు, నెలల పిల్లాడు ఉండేవాడు. నవ్వుముఖం వాడని హిలారుస్ అని పిలుచుకునేది. వాడు పుట్టినప్పుడు ఎస్టేటు పెత్తందారు రూఫియో, ఆ ఏడు పుట్టిన గొర్రెపిల్లలతో పాటు వీడి సంగతి కూడా యజమానికి కబురు చేశాడు. ఒకరోజు పాలు తాగుతూ వాడు తల్లిని కొరికాడు. ఆమె ఉలిక్కిపడి, చిగురు తడిమి చూసి నవ్వింది. కింద ఒక పన్ను మొలిచింది. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఒలీవలు గానుగాడే కాలంలో, వాడు జ్వరంతో చనిపోయాడు.

ఇక్కడ వాళ్ళ ఆచారం ఒకటి మీకు చెప్పాలి. పన్ను మొలవని బిడ్డ చనిపోతే కాల్చరు, ఊరేగింపు ఉండదు, ఏడవకూడదు. అలాంటి బిడ్డ ఇంకా మనిషి కాలేదని వాళ్ళ లెక్క. అందుకే అంటు కూడా ఉండదు. ఇంటి చూరు కిందే గొయ్యి తీసి, మీద ఒక పెంకు బోర్లిస్తారు. పన్ను వచ్చిందా, ఇక పొలిమేర దాటించాల్సిందే. స్వతంత్రులకైతే చితి ఉంటుంది, రాతి గుర్తు ఉంటుంది. మా బానిసలకు ఉన్నది రాళ్ళ గని వెనక గొయ్యి. పైన పిడికెడు మట్టి. నక్కలకు దారి బాగా తెలుసు.

వెనుస్టా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకోకుండా గడ్డం కింద చెయ్యి పెట్టి కూర్చుంది. రూఫియో గుమ్మంలోనే ఆగిపోయి, పన్ను వచ్చిందో లేదో చూడమని భార్యను లోపలికి పంపాడు.

ఆమె పేరు క్రెస్టే. తనూ బానిసే అయినా ఆడవాళ్ళ పని మీద అజమాయిషీ ఆమెది. వడికిన నూలులో ఎక్కడ పోగు సన్నబడినా తడిమి పట్టేసే వేళ్ళు. ఆ వేళ్ళంటే అందరికీ హడలు. వెనుస్టా చేతిని తొలగించి, చూపుడువేలు బిడ్డ నోట్లో పెట్టింది. వేలు ఒకచోట ఆగింది. అక్కడే కాసేపు ఉంది.

ఆమె చూపు గుమ్మం దాటి గానుగశాల మూలకు వెళ్ళింది. అక్కడ చూరు కింద నాలాంటి పెంకే ఒకటి ఎప్పటినుంచో నేలలో ఉంది. దాని కింద ఉన్నది ఆమె బిడ్డ.

"రాలేదు," అంది.

"సరిగ్గా చూశావా?" అన్నాడు రూఫియో.

"నా వేళ్ళకే వంక పెడుతున్నావా? తవ్వమని చెప్పు పో."

అతను వెళ్ళాక వేలిని బట్టకు తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "మోకాళ్ళు ముడిచి పడుకోబెట్టవే. ఈ పెంకు వాడికి చాలదు. ఇంకో మాట. ఏడవకు. పన్ను రానివాడి కోసం ఎవరూ ఏడవరు."

నిజమే, నేను చాలలేదు. అప్పుడే పుట్టిన పిల్లలకు సరిపోయే కొలత నాది. వాడు పెరిగాడు. ఎంత ముడిచినా పాదాలు నా అంచు దాటాయి. వెనుస్టా వాటి మీద మట్టిని చేత్తో మెల్లగా అదిమింది. ఏడవలేదు. ఆ సాయంత్రం గానుగ దగ్గర తన వంతు పని తను చేసింది.

ఆమెకు పాలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఆ సంగతి రోమ్‌కు చేరింది. యజమాని ఇంట్లో మనవడు పుట్టాడు, పాలిచ్చే మనిషి కావాలి. బండి వచ్చింది. ఎక్కేముందు వెనుస్టా చూరు దగ్గరకు వచ్చి, "వానకు మట్టి కొట్టుకుపోకుండా చూస్తుండక్కా," అని క్రెస్టేతో అంది. మళ్ళీ రాలేదు. క్రెస్టే ఉన్నన్నాళ్ళూ ప్రతి వాన తర్వాత వచ్చి మట్టి ఎగదోసేది. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

యజమానులు మారారు. ద్రాక్షతోటలు బీడుపడ్డాయి. కప్పు కూలింది, గోడలు కూలాయి, పైన గోధుమలు పండాయి. నేను చీకట్లో నా పని చేస్తూ ఉన్నాను. చెట్ల వేర్లు పాదాల ఎముకలను మాత్రం పట్టుకుపోయాయి. అవి నా పరిధిలో లేవు.

ఒక ఎండాకాలం, పాత కట్టడాలు తవ్వి చూసే మనుషులు కుంచెలు పట్టుకుని వచ్చారు. నన్ను లేపారు. ఎముకలు పరీక్షించే డొనాటెల్లా మోకాళ్ళ మీద వంగి, ఆ చిన్న దవడ మీద చూపుడువేలు పెట్టింది. అదే చోట ఆగింది.

"పన్ను పైకి వచ్చేసింది. మరి చూరు కింద ఎందుకున్నాడు?"

తవ్వకాల పెద్ద బెనెడెట్టి నవ్వాడు. "పల్లెటూరి బానిసలు కదా. నోరు తెరిచి చూసే తీరిక ఎవరికుంటుంది?"

చూశారు. చాలాసేపు చూశారు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. ఈ ఎస్టేటులో పసిపిల్లల విషయంలో ఆచారాన్ని అంతగా పట్టించుకోలేదని ఇప్పుడు మ్యూజియం గోడ మీద రాసి ఉంది.

నన్ను కడిగి, ఆ మ్యూజియంలోనే రోమన్ల ఇంటి కప్పు ఎలా ఉండేదో చూపించడానికి కట్టిన నమూనాలో, మళ్ళీ చూరు చివరే అమర్చారు. హిలారుస్ పై అంతస్తులో ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నాడు. నా కింద, వచ్చినవాళ్ళు తడి గొడుగులు పెట్టుకోవడానికి ఒక బకెట్ ఉంచారు.

బయట వాన పడుతున్నప్పుడు ఆ గొడుగులను బట్టి నాకు తెలుస్తుంది. ఇక్కడ నా మీద చుక్క పడదు. నా వంపు కింద నేల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. అక్కడ తడవకుండా చూసుకోవాల్సిన వాళ్ళెవరూ లేరు.